5 శాతం రెసిస్టర్లతో 8 బిట్ల డీఏసీ: మధ్యలో విరుపు ఎందుకు వస్తుంది, చిప్‌లు లేని రోజుల్లో ఎలా చేసేవారు

మీరు అడిగింది ఇది. ఆర్డునో ఊనో ఆర్3 మైక్రోకంట్రోలర్ బోర్డులో డీఏసీ (అంకెను వోల్టేజీగా మార్చే భాగం) లేదు కాబట్టి చేతిలో ఉన్న 5 శాతం రెసిస్టర్లతో (రాసిన విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండేవాటితో) 8 బిట్ల ఆర్-2ఆర్ నిచ్చెన కట్టారు, అంటే ఆర్, దానికి రెట్టింపు 2ఆర్ విలువల రెసిస్టర్లను మెట్లలా కలిపిన సర్క్యూట్. సైన్ వేవ్ పంపితే ఆసిలోస్కోప్ మీద సరిగ్గా సగం ఎత్తు దగ్గర ఒక విరుపు, పక్కనే సన్నటి ముల్లు కనిపిస్తున్నాయి. స్పీకర్‌లో బరబరమంటోంది. ఇలా రెసిస్టర్లతో కట్టుకోవడం అసలు సరైన పద్ధతేనా, చిప్‌లు రాకముందు వాళ్లు ఏం చేసేవారు అని రెండో ప్రశ్న.

ముందు జవాబు చెప్తాను. పద్ధతి సరైనదే. మీ నిచ్చెనకు 8 బిట్ల పేరు ఉంది గానీ, 5 శాతం రెసిస్టర్లతో గ్యారంటీగా నమ్మదగ్గవి 4 బిట్లే. విరుపు రెసిస్టర్ల వల్ల వస్తోంది. ముల్లు మీ ప్రోగ్రాం వల్ల వస్తోంది. రెండూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరు. శబ్దం కోసమే అయితే నిచ్చెనను బాగుచేసుకోండి. నెమ్మదిగా మారే వోల్టేజీ కావాలంటే మాత్రం నిచ్చెన వదిలేసి పీడబ్ల్యూఎం (పిన్నును వేగంగా ఆన్, ఆఫ్ చేసి సగటు వోల్టేజీ తీసే పద్ధతి) వాడండి. ఎందుకో కింద చెప్తాను.

విరుపు సంగతి ముందు. డీఏసీ అంటే తూకం రాళ్లు అనుకోండి: 1, 2, 4, 8 అలా 128 వరకు ఎనిమిది రాళ్లు. 127 కావాలంటే చిన్న రాళ్లు ఏడూ పెట్టాలి. 128 కావాలంటే ఆ ఏడూ తీసేసి పెద్ద రాయి ఒక్కటి పెట్టాలి. తేడా ఒక్క యూనిటే ఉండాలి. కానీ పెద్ద రాయిలో 5 శాతం తప్పుంటే అది 6.4 యూనిట్ల తప్పు. అప్పుడు 128 అన్నది 127 కంటే తక్కువ తూగడానికి కూడా అవకాశం ఉంది. మీ స్కోప్ మీద కనిపిస్తున్న విరుపు అదే. అది సగం ఎత్తు దగ్గరే రావడానికి కారణం, పెద్ద బిట్ దిగేదీ ఎక్కేదీ అక్కడే కాబట్టి. పావు దగ్గర, ముప్పావు దగ్గర కూడా చిన్న విరుపులు ఉంటాయి, దగ్గరగా చూడండి.

దీన్నుంచి ఒక మోటు లెక్క చెప్పుకోవచ్చు. అతి పెద్ద బిట్‌లో తప్పు సగం మెట్టు దాటకూడదంటే 5 శాతం రెసిస్టర్లకు 4 బిట్లు, 1 శాతానికి 6 బిట్లు, 0.1 శాతానికి 9 బిట్లు. ఇది గడ్డు పరిస్థితికి వేసిన లెక్క. అదృష్టం బాగుంటే ఒక బిట్ ఎక్కువ రావచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఏదీ కట్టకూడదు.

రెసిస్టర్లు మార్చే ముందు కొలవండి. ప్రోగ్రాంలో 127 పెట్టి అక్కడే ఆపేసి మల్టీమీటర్‌తో చూడండి. సరఫరా సరిగ్గా 5 వోల్టులైతే 2.480 రావాలి. తర్వాత 128 పెట్టండి, 2.500 రావాలి. ఒక మెట్టు ఎత్తు 19.5 మిల్లీవోల్టులు. 128 దగ్గర తక్కువ చూపిస్తే రెసిస్టర్ల తప్పు ఖాయం. రెండూ సరిగ్గా ఉండి, సిగ్నల్ కదులుతున్నప్పుడు మాత్రమే ముల్లు కనిపిస్తే అది వేరే తప్పు.

ముల్లు ఎలా పుడుతుందంటే, 127 నుంచి 128కి వెళ్లేటప్పుడు ఎనిమిది బిట్లూ ఒకేసారి తిరగబడాలి. ఊనోలో 0, 1 పిన్నులు సీరియల్‌వి కాబట్టి చాలామంది ఆరు బిట్లు ఒక పోర్టులో (ఒక్క రాతతో కలిసి మారే పిన్నుల గుంపులో), రెండు బిట్లు ఇంకో పోర్టులో పెడతారు. మీరూ అలాగే చేసి ఉంటారని నా అనుమానం. రెండు పోర్టులకు రెండు సార్లు రాయాలి. ఆ రెండు రాతల మధ్య క్షణంలో నిచ్చెన మీద ఉండేది పాత అంకె కాదు, కొత్త అంకె కాదు. పెద్ద బిట్లు ముందు మారితే 127 నుంచి 191కి ఎగిరి 128కి దిగుతుంది. చిన్న బిట్లు ముందు మారితే 64కి పడి పైకి లేస్తుంది. ఇది సైన్ వేవ్ ఒక్కో చుట్టులో రెండు సార్లు జరుగుతుంది. చెవికి అది బరబరలాగే వినిపిస్తుంది.

మందు రెండు రకాలు. సీరియల్ వాడకం మానుకుని ఎనిమిది బిట్లనూ 0 నుంచి 7 వరకున్న పిన్నుల మీదే పెట్టండి, అవన్నీ ఒకే పోర్టు కాబట్టి ఒక్క రాతతో మారతాయి. ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు మాత్రం సీరియల్ దాని పని అది చేసుకుంటుంది. అలా కుదరకపోతే మధ్యలో 74హెచ్‌సీ574 లాంటి లాచ్ పెట్టండి. ఎనిమిది బిట్లూ తీరిగ్గా సిద్ధమయ్యాక ఒక్క క్లాక్ అంచుతో కలిసి బయటికొస్తాయి. నేనైతే లాచ్‌కే ఓటేస్తాను, ఇంకో కారణం కూడా ఉంది, కింద ప్రింటర్ పోర్టు దగ్గర చెప్తాను.

ఇప్పుడు రెసిస్టర్లు. ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది: నిచ్చెనకు రెసిస్టర్ విలువ ముఖ్యం కాదు, విలువల మధ్య నిష్పత్తి ముఖ్యం. 10 కె అని రాసి ఉన్నవన్నీ నిజానికి 9.8 కె అయినా ఏ నష్టమూ లేదు, అన్నీ ఒకేలా 9.8 ఉంటే చాలు. అందుకే 10 కె, 20 కె అని రెండు రకాలు కొనకుండా, ఒకే పట్టీలోంచి ఒకే విలువవి తీసుకోండి. 2ఆర్ కావాల్సిన చోట రెండింటిని వరసగా కలపండి. 8 బిట్లకు ఆర్ ఏడు, 2ఆర్ తొమ్మిది, అంటే మొత్తం 25 రెసిస్టర్లు పడతాయి. ఒక 40 తెచ్చుకుని మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ కొలిచి కాగితం మీద రాసుకోండి. బాగా దగ్గరగా ఉన్నవి పెద్ద బిట్ వైపు, మిగిలినవి చిన్న బిట్ వైపు పెట్టండి. మీ మీటర్ చూపే విలువ కాస్త తప్పైనా పర్వాలేదు. అన్నిటినీ ఒకే మీటర్‌తో, ఒకే రేంజ్‌లో, ఒకే పూట కొలిస్తే పోలిక నిలబడుతుంది. నేను 1 శాతం రెసిస్టర్లను ఇలా ఏరి కట్టిన నిచ్చెనలు 8 బిట్లకు ఎక్కడా వెనక్కి నడవకుండా, అంటే అంకె పెరిగితే వోల్టేజీ తగ్గకుండా వచ్చాయి. ఏరకుండా కట్టినవాటిలో సగానికి పైగా మధ్యలో విరిగాయి.

ఆర్ విలువ మరీ తక్కువ పెట్టకండి. పిన్ను లోపల కూడా పదుల ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అది 25 ఓమ్‌లు అనుకుంటే 20 కె పక్కన 0.125 శాతమే, 2 కె పక్కన అయితే 1.25 శాతం. అంతా ఏరి పెట్టిన శ్రమ అక్కడ పోతుంది. ఇంకో జాగ్రత్త, నిచ్చెన బయటికిచ్చే నిరోధం సరిగ్గా ఆర్ అంత ఉంటుంది, అంటే 10 కె. దానికి నేరుగా స్పీకర్ తగిలించి శబ్దం రాలేదని చాలామంది నిచ్చెనను తిట్టుకుంటారు. మధ్యలో ఆప్-యాంప్ బఫర్ (వోల్టేజీని మార్చకుండా ఎక్కువ కరెంటు ఇవ్వగలిగే యాంప్లిఫయర్) తప్పనిసరి.

ఇక చరిత్ర. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. మీ సమస్యకు పనికొచ్చే ఉపాయాలు కూడా ఇందులోనే ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

తూకం రాళ్ల పద్ధతి ఎలక్ట్రానిక్స్ కంటే ముందే ఉంది. 1910లలో ఏయోలియన్ కంపెనీ డుయో-ఆర్ట్ అనే తనంతట తాను వాయించే పియానో తెచ్చింది. కాగితపు చుట్టలో రంధ్రాల ద్వారా ఏ స్వరం మోగాలో చెప్పడం అప్పటికే ఉంది. ఎంత గట్టిగా మోగాలో చెప్పడానికి వాళ్లు నాలుగు రంధ్రాలు కేటాయించారు. ఒక్కో రంధ్రం తెరుచుకుంటే ఒక్కో గాలితిత్తి మూసుకుపోతుంది. వాటి కదలికలు 1, 2, 4, 8 నిష్పత్తిలో ఉంటాయి. అన్నీ ఒకదాని మీద ఒకటి అమర్చి ఉంటాయి కాబట్టి కదలికలు కూడుకుని 16 స్థాయిలు వస్తాయి. ప్రధాన రాగానికి ఒక గుంపు, తోడు స్వరాలకు ఇంకో గుంపు. ఇది అక్షరాలా 4 బిట్ల డీఏసీ, కరెంటు తీగ ఒక్కటీ లేకుండా, గాలితో.

1921లో వెస్టర్న్ ఎలక్ట్రిక్‌కు చెందిన పాల్ రెయినీ టెలిగ్రాఫ్ తీగల మీద ఫోటోలు పంపే పద్ధతికి పేటెంట్ దరఖాస్తు చేశారు, అది 1926లో మంజూరైంది. బొమ్మలోని వెలుగును 32 స్థాయిలుగా, అంటే 5 బిట్లుగా మార్చి పంపడం, అవతల ఆ కోడ్‌ను రిలేలు అందుకుని దీపం వెలుగును మార్చి ఫిల్ము మీద ముద్రించడం. డిజిటల్ కోడ్‌గా అనలాగ్ సిగ్నల్‌ను పంపాలన్న ఆలోచన అంత పాతది. ఆ పేటెంట్‌ను లోకం చాలా ఏళ్లు పట్టించుకోలేదు.

ఐబీఎం సెలెక్ట్రిక్ టైపురైటర్ 1961లో వచ్చింది. అక్షరాలన్నీ ఒక చిన్న బంతి మీద ఉంటాయి, ఆ బంతి సరైన కోణానికి వంగి, తిరిగి కాగితాన్ని కొడుతుంది. మీటను నొక్కితే వచ్చేది బిట్ల గుంపు, కావాల్సింది కోణం. మధ్యలో ఉన్నది లివర్ల చెట్టు. రెండు కదలికలను ఒక అడ్డకడ్డీ రెండు చివర్లకు ఇచ్చి, దాని మధ్యలో ఎక్కడ పట్టుకుని లాగితే ఆ నిష్పత్తిలో కూడిక వస్తుంది. బంతి వంగడానికి రెండు బిట్లు, నాలుగు వరసలు. తిరగడానికి మాత్రం బరువులు 1, 2, 4 కావు. 1, 2, ఇంకో 2, ఎదురు దిశలో 5. వీటితో మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు అన్ని స్థానాలూ దొరుకుతాయి.

ఆ చివరి మాట మీకు నేరుగా పనికొస్తుంది. బరువులు ఎప్పుడూ రెట్టింపు కావాలన్న రూలేమీ లేదు. మీ దగ్గర ఒక పిన్ను అదనంగా ఉంటే పై రెండు బిట్లను, అంటే 128నూ 64నూ తీసేసి, వాటి బదులు 64 బరువున్న సమానమైన కాళ్లు (పిన్ను నుంచి వచ్చే రెసిస్టర్ శాఖలు) మూడు పెట్టండి. 64కి చేరితే మొదటిది, 128కి చేరితే రెండోది, 192కి చేరితే మూడోది ఆన్ అవుతాయి. ఒకసారి పెట్టిన రాయిని పైకి వెళ్తున్నంత సేపు తీయరు. 127 నుంచి 128కి వెళ్లేటప్పుడు 63 దించి 64 ఎక్కిస్తున్నారు, 127 దించి 128 ఎక్కించడం లేదు. విరుపు సగానికి సగం తగ్గుతుంది. చిప్‌ల లోపల కూడా ఇదే చేస్తారు. దీన్ని చివరిదాకా తీసుకెళ్తే అన్ని రాళ్లూ సమానంగా ఉన్న పద్ధతి వస్తుంది. అందులో వెనక్కి నడవడం అనేదే అసాధ్యం, కానీ 8 బిట్లకు 255 కాళ్లు కావాలి.

నిచ్చెన బదులు నేరుగా 1 కె, 2 కె, 4 కె అలా 128 కె వరకు పెట్టే పద్ధతి గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక్క మాట. 3, 4 బిట్ల వరకు అది చక్కగా ఉంటుంది. వీడియోకు నేను అదే వాడతాను. పాత వీజీఏ రకం కంప్యూటర్ మానిటర్ లోపల 75 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, దానికి 0.7 వోల్టులు కావాలి. 3.3 వోల్టుల పిన్ను నుంచి 270 ఓమ్‌లు పెడితే 0.717 వస్తుంది. రంగుకు ఒక్క రెసిస్టర్‌తో 8 రంగులు. 8 బిట్లకు మాత్రం ఆ పద్ధతి జోలికి పోవద్దు.

ఇంతవరకు అంతా తూకమే. రెండో దారి కాలం.

ఇంగ్లీష్ ఇంజినీరు అలెక్ రీవ్స్ పారిస్‌లో ఐటీటీ అనే టెలిఫోన్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తూ 1938లో పీసీఎం పద్ధతికి పేటెంట్ వేశారు. మాటను అంకెలుగా మార్చి పంపడానికి ఈనాటి ఫోన్లన్నిటికీ మూలం అదే. ఆయన 5 బిట్లు వాడారు. అవతలి చివర అంకెను మళ్లీ వోల్టేజీగా మార్చడానికి రాళ్లతో తూచలేదు. అంకె ఎంతో అంతసేపు పల్స్‌ను ఆన్‌లో ఉంచి, ఆ పల్సులను ఫిల్టర్‌లోంచి పంపి సగటు తీశారు. మీరు వాడే పీడబ్ల్యూఎం అదే. వాల్వుల కాలంలో 1 శాతం కచ్చితంగా కరెంటును తూచడం ఎంత కష్టమో ఆలోచిస్తే, కాలాన్ని ఎంచుకోవడం ఎంత తెలివైన పనో నాకు ప్రతిసారీ ఆశ్చర్యం వేస్తుంది.

కాలం ఎందుకు మెరుగంటే, లెక్కపెట్టడంలో తప్పు రాదు. 256 టిక్కుల్లో 128 టిక్కులు ఆన్ అంటే అది సరిగ్గా సగం. క్లాక్ కాస్త వేగంగా నడిచినా, నెమ్మదిగా నడిచినా ఆ సగం సగమే, ఎందుకంటే ఆన్ కాలాన్నీ మొత్తం కాలాన్నీ అదే క్లాక్ కొలుస్తోంది. ఏ రెసిస్టరూ ఇంత నిజాయితీగా ఉండదు. 127, 128 మధ్య విరుపు పీడబ్ల్యూఎంలో రానే రాదు.

దానికి చెల్లించే మూల్యం వేగం. ఊనోలో మామూలుగా వచ్చే పీడబ్ల్యూఎం ఎక్కువ పిన్నుల మీద 490 హెర్ట్జ్. దాన్ని ఆర్‌సీ ఫిల్టర్‌తో, అంటే ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌తో నునుపు చేసి, మిగిలే అల సగం మెట్టులోపు, అంటే 10 మిల్లీవోల్టులకు తేవాలంటే ఆర్‌సీ విలువ (ఆ రెండింటి విలువల లబ్ధం) పావు సెకను దాకా కావాలి. అంత పెడితే కొత్త విలువకు పూర్తిగా స్థిరపడటానికి సెకనున్నర పడుతుంది. టైమర్ ప్రీస్కేలర్ (క్లాక్‌ను భాగించి నెమ్మది చేసే భాగం) తీసేసి, టైమర్‌ను ఫాస్ట్ పీడబ్ల్యూఎం మోడ్‌లో పెట్టి 62.5 కిలోహెర్ట్జ్‌కు పెంచండి, అదే పని 2 మిల్లీసెకన్ల ఆర్‌సీతో, 10 కె, 0.22 మైక్రోఫారడ్‌తో అయిపోతుంది. సుమారు 14 మిల్లీసెకన్లలో స్థిరపడుతుంది. మోటారు వేగానికి, దీపానికి, రిఫరెన్స్ వోల్టేజీకి ఇది చాలు. నేను కొలిచే పరికరాల్లో ఇప్పటికీ ఇదే పెడతాను. ఒకటే షరతు, పీడబ్ల్యూఎం పిన్ను ఎత్తు అంటే చిప్ సరఫరా వోల్టేజీయే. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు ఊగితే మీ అనలాగ్ కూడా అంతే ఊగుతుంది. కచ్చితత్వం కావాలంటే పీడబ్ల్యూఎంతో ఒక అనలాగ్ స్విచ్‌ను నడిపి, ఆ స్విచ్‌కు మంచి రిఫరెన్స్ ఇవ్వండి.

1981 నాటి ఐబీఎం పీసీలో స్పీకర్ ఉన్నది బీప్ కోసమే. ఆన్ లేదా ఆఫ్, ఒక్క బిట్. దాని వెనకున్న టైమర్ క్లాక్ 1.193 మెగాహెర్ట్జ్. 64 టిక్కులకు ఒక పల్స్ వేస్తే సెకనుకు 18,600కు పైగా పల్సులు, ఒక్కో పల్స్ వెడల్పును 64 రకాలుగా మార్చొచ్చు. అంటే 6 బిట్ల డీఏసీ. ఫిల్టర్ ఏదంటే, స్పీకర్ కాగితం బరువే. అంత వేగంగా కదల్లేక అది సగటు దగ్గర నిలుస్తుంది. బీప్ కోసం పెట్టిన స్పీకర్‌తో మనుషుల మాటలు పలికించారు.

1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64లో జరిగింది ఇంకా విచిత్రం. దాని సౌండ్ చిప్ 6581లో వాల్యూమ్‌కు 4 బిట్లు ఉంటాయి. చిప్‌లో ఒక లోపం వల్ల శబ్దం లేకపోయినా బయట కొంత స్థిర వోల్టేజీ ఉండిపోయేది. వాల్యూమ్ మార్చినప్పుడల్లా ఆ వోల్టేజీ ఎక్కి దిగి టక్ మనేది. సెకనుకు వేల సార్లు మారిస్తే ఆ టక్‌లే గొంతు అవుతాయి. ఆటలు రాసేవాళ్లు డ్రమ్ములను, మాటలను ఇలాగే వినిపించారు. తర్వాత వచ్చిన 8580 చిప్‌లో ఆ లోపాన్ని సరిచేశారు, దాంతో పాత ఆటల్లో మాటలు వినీ వినపడకుండా పోయాయి. జనం బయటి ఆడియో ఇన్‌పుట్ పిన్నుకు ఒక రెసిస్టర్ అతికించి పాత లోపాన్ని తిరిగి తెచ్చుకున్నారు. 4 బిట్లంటే సిద్ధాంతం ప్రకారం సిగ్నల్‌కూ రొదకూ తేడా 26 డెసిబెల్స్ మాత్రమే, 8 బిట్లకు 50. మీ ప్రాజెక్టులో వినిపించే సన్నటి హిస్ కొంత ఇదే, దానికి రెసిస్టర్లను తప్పుపట్టకండి.

ప్రింటర్ పోర్టు మాట ఇప్పుడు. 1980ల చివర్లో కోవాక్స్ స్పీచ్ థింగ్ అని ఒక చిన్న డబ్బా వచ్చింది. లోపల ఉన్నది రెసిస్టర్ల నిచ్చెన మాత్రమే. ప్రింటర్ పోర్టు ఎనిమిది డేటా తీగలకు తగిలిస్తే చాలు, వేరే కరెంటు కూడా అక్కర్లేదు. చూసినవాళ్లందరూ సొంతంగా కట్టుకున్నారు, నేనూ కట్టుకున్నాను. నా మొదటిది ఒక కంప్యూటర్ మీద చక్కగా పాడింది, ఇంకో దాని మీద గొంతు చీలినట్టు వచ్చింది. నిచ్చెనను విప్పి మళ్లీ సోల్డర్ చేశాను, రెసిస్టర్లు మార్చాను. వారం తర్వాత గానీ తీగల వోల్టేజీ కొలవాలని తోచలేదు. రెండో కంప్యూటర్‌లో ఎనిమిది తీగలూ ఎనిమిది రకాలు: ఒకటి 3.4 వోల్టులు, ఇంకోటి 3.9. ప్రింటర్‌కు అది తేడా కాదు, 2.4 దాటితే దానికి ఒకటే. నిచ్చెనకు మాత్రం ప్రతి తీగా ఒక తూకం రాయి. మధ్యలో 74హెచ్‌సీ లాచ్ పెట్టి, దానికి శుభ్రమైన 5 వోల్టులు విడిగా ఇచ్చాను. హెచ్‌సీ రకం అవుట్‌పుట్ దాదాపు సరఫరా దాకా వెళ్తుంది కాబట్టి ఎనిమిదీ సమానమయ్యాయి. అందుకే లాచ్‌కు ఓటేస్తానన్నాను. ముల్లు పోతుంది, మెట్లు సమానమవుతాయి, మైక్రోకంట్రోలర్ రొద కూడా దూరంగా ఉండిపోతుంది.

మీ దగ్గర ఒక్క పిన్నే మిగిలి ఉంటే? దీనికి జవాబు 1940ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో దొరుకుతుంది. అక్కడి గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ చెప్పిన ఉపాయం ఇది. ఒక కెపాసిటర్, దానికి సమాంతరంగా ఒక రెసిస్టర్. చిన్న బిట్ ముందు వచ్చేలా బిట్లను వరసగా పంపండి. ఒకటి వచ్చినప్పుడల్లా కొంత చార్జ్ పడుతుంది. తర్వాతి బిట్ వచ్చేలోపు ఉన్న చార్జ్ సరిగ్గా సగం కారిపోయేలా ఆర్‌సీని అమర్చండి. చివరి బిట్ పడేసరికి మొదట వచ్చిన చిన్న బిట్ ఎన్నో సార్లు సగమై ఉంటుంది, చివరగా వచ్చిన పెద్ద బిట్ తాజాగా ఉంటుంది. బరువులు వాటంతట అవే 1, 2, 4, 8గా పేరుకుంటాయి. ఎనిమిది కాళ్లు అక్కర్లేదు, కాలమే రాళ్లను చెక్కుతోంది. కష్టం ఎక్కడంటే, చదివే క్షణంలో కూడా కెపాసిటర్ కారుతూనే ఉంటుంది, క్షణం అటూ ఇటూ అయితే తప్పు. బెల్ ల్యాబ్స్‌కే చెందిన ఏ.జె. రాక్ దానికి ఒక ట్యూన్డ్ సర్క్యూట్ (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగే కాయిల్, కెపాసిటర్ జత) జోడించి, చదివే వేళకు వోల్టేజీ కాసేపు చదునుగా ఉండేలా చేశారు.

మైక్రోకంట్రోలర్‌లో ఇది ఇంకా సులువు, ఎందుకంటే మన పిన్నును మధ్యలో వదిలేయొచ్చు. పిన్ను నుంచి 10 కె, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 10 నానోఫారడ్‌లు. ఆర్‌సీ 100 మైక్రోసెకన్లు. చిన్న బిట్‌తో మొదలుపెట్టి, ఒక్కో బిట్‌ను 69.3 మైక్రోసెకన్ల పాటు పిన్ను మీద ఉంచండి. అంటే 0.693 ఆర్‌సీ. అంతసేపట్లో కెపాసిటర్ తానున్న చోటు నుంచి బిట్ వైపు సరిగ్గా సగం దూరం వెళ్తుంది. ఎనిమిది బిట్లూ అయ్యాక పిన్నును ఇన్‌పుట్‌గా మార్చేయండి, వోల్టేజీ అక్కడే ఆగుతుంది. మొత్తం 554 మైక్రోసెకన్లు. కెపాసిటర్ వెనక జేఫెట్ లేదా సీమాస్ ఇన్‌పుట్ ఉన్న (దాదాపు కరెంటు పీల్చని) ఆప్-యాంప్ పెట్టండి, లేకపోతే చార్జ్ కారిపోతుంది. సిరామిక్‌లో ఎక్స్7ఆర్ రకం వద్దు, వోల్టేజీని బట్టి దాని విలువ మారుతుంది. సీ0జీ గానీ ఫిల్మ్ గానీ వాడండి. కాలాన్ని సరిచేయడానికి ఒక చిట్కా: కెపాసిటర్‌ను సున్నాకు దింపి, ఒక్క బిట్ కాలం పాటు హై ఇచ్చి వదిలేసి కొలవండి. సరఫరాలో సరిగ్గా సగం వచ్చేదాకా ఆలస్యాన్ని మార్చండి. ఈ పని జరిగేటప్పుడు ఇంటరప్టులు (ప్రోగ్రాంను మధ్యలో ఆపి వేరే పని చేయించే పిలుపులు) ఆపాలి, మధ్యలో ఒక్క ఇంటరప్ట్ వచ్చినా ఆ అంకె పోయినట్టే. ఒకే పిన్ను మిగిలిన ఒక పరికరంలో దీన్ని వాడాను. 8 బిట్లు పంపితే 6 బిట్ల దాకా నమ్మకంగా వచ్చాయి. మీటరు ముల్లు కదిలించడానికి అది చాలింది.

చిప్‌లు వచ్చాక కూడా తూకమా కాలమా అన్న ప్రశ్న పోలేదు. 1980ల మొదట్లో వచ్చిన తొలి సీడీ ప్లేయర్లలో సోనీ సీడీపీ-101 16 బిట్ల డీఏసీని వాడింది, అది కూడా ఒక్కటే, కుడి ఎడమ చానళ్లు వంతులవారీగా పంచుకునేవి. ఫిలిప్స్ చేతిలో ఉన్నది 14 బిట్ల డీఏసీ చిప్ టీడీఏ1540. వాళ్లు దాన్ని నాలుగు రెట్ల వేగంతో, 176.4 కిలోహెర్ట్జ్‌తో నడిపారు. ప్రతిసారీ మిగిలిపోయిన చిన్న తప్పును తర్వాతి అంకెకు కలిపారు. చెవికి వినపడే మేరకు 16 బిట్ల ఫలితం వచ్చింది. వేగాన్ని ఇచ్చి బిట్లను కొనుక్కోవడం అంటే ఇదే. టోక్యోలో ఇనోసే, యసుదా 1962లో డెల్టా-సిగ్మా పేరుతో రాసిన ఆలోచన ఈ దారిలోదే. దాన్ని చివరిదాకా తీసుకెళ్తే ఒక్క బిట్ చాలు. ఇవాళ ఫోన్లలోనూ సౌండ్ కార్డుల్లోనూ ఉన్న డీఏసీల్లో చాలావరకు ఆ వంశానివే.

ఆ తప్పును కలిపే ఉపాయం మీ ఊనోలో కూడా పనిచేస్తుంది. శాంపిల్‌ను 16 బిట్లలో ఉంచుకోండి. పై 8 బిట్లు నిచ్చెనకు పంపండి. కింద మిగిలిన 8 బిట్లను పారేయకుండా తర్వాతి శాంపిల్‌కు కూడండి, కూడినప్పుడు 65,535 దాటకుండా ఒక హద్దు పెట్టుకోండి. రెండు మూడు ప్రోగ్రాం లైన్ల పని. మెల్లగా సన్నగిల్లే స్వరాల చివర వచ్చే గరగర దీంతో బాగా తగ్గుతుంది. అయితే నిచ్చెనలో విరుపు ఉన్నప్పుడు ఇది పెద్దగా సాయపడదు, ముందు విరుపు పోవాలి.

మీరు చేయాల్సిన వరస ఇది. ముందు 127, 128 దగ్గర కొలవండి. తర్వాత 63, 64 దగ్గర, 191, 192 దగ్గర కూడా. సరఫరా వోల్టేజీని కూడా అదే మీటర్‌తో కొలవండి. ఎనిమిది బిట్లనూ ఒకే పోర్టుకు మార్చి ముల్లు పోయిందేమో చూడండి. శాంపిళ్లు టైమర్ ఇంటరప్ట్ నుంచే వెళ్లాలి, డిలే పెట్టిన లూప్ నుంచి కాదు. అంకెల మధ్య కాలం ఊగితే అది కూడా రొదే. సెకనుకు 8,000 శాంపిళ్లు పంపుతుంటే 3.4 కిలోహెర్ట్జ్‌కు పైవాటిని ఆపే ఒక ఫిల్టర్ పెట్టండి, మెట్ల అంచుల వల్ల వచ్చే కీచుదనం దానితో పోతుంది.

ఆ ఆరు కొలతలు, సరఫరా వోల్టేజీ, ఏ బిట్ ఏ పిన్ను మీద ఉందో ఇక్కడ రాయండి. ఏ కాలు ఎంత తప్పు తూగుతోందో ఆ అంకెల నుంచే లెక్కకట్టి, ఏ రెసిస్టర్ మార్చాలో చెప్తాను.